ఉప్పుగాలి ఊళ్ళలో రికార్డు ప్లేయరు: ప్లేట్లు చెడకుండా మోగించుకునే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత ఇళ్ళు సర్దేటప్పుడు అటక మీది ట్రంకు పెట్టెలోంచి గ్రామఫోను ప్లేట్లు బయటపడడం ఇప్పటికీ జరుగుతూనే ఉంది. మద్రాసు మనకు దగ్గర కాబట్టి, పెళ్ళి బట్టలకు వెళ్ళినా, ఆస్పత్రి పని మీద వెళ్ళినా, రైలెక్కే ముందు మూర్ మార్కెట్టులో ఒకటి రెండు ప్లేట్లు కొనుక్కుని రావడం మా నాన్నగారి తరం వాళ్ళకు అలవాటు. ఆ మార్కెట్టు 1985లో కాలిపోయింది. అక్కడ కొన్న ప్లేట్లు మాత్రం మన ఇళ్ళలో మిగిలాయి.

పెట్టె దొరికిన రోజే ఎవరి దగ్గరైనా ప్లేయరు తెచ్చుకుని వినాలనిపిస్తుంది. ఆ రోజు మాత్రం పెట్టవద్దని నా మనవి. ఎల్.పి. (ఎక్కువసేపు మోగే పెద్ద ప్లేటు) రికార్డు మీది గాడి దాదాపు తలవెంట్రుక మందమంతే ఉంటుంది, పాటంతా ఆ గాడికి అటూ ఇటూ ఉన్న గోడల్లో సన్నని వంపులుగా చెక్కి ఉంటుంది. గాడిలో ఇసుక రేణువు ఉండగా వజ్రపు ముల్లు దాని మీదుగా వెళ్ళిందంటే గోడ గీసుకుపోతుంది. గీసుకుపోయిన గోడను తిరిగి నిలబెట్టే విద్య ఎవరి దగ్గరా లేదు. అందువల్ల ఈ పనిలో ముఖ్యమైన జాగ్రత్తలన్నీ ముల్లు ప్లేటును తాకక ముందే తీసుకోవలసి ఉంటుంది. వాటిని నేను చేసే వరుసలోనే ఇక్కడ చెబుతాను.

ముందు ఆ ప్లేటు ఏ రకమో చూడండి

పాత పెట్టెల్లో సాధారణంగా రెండు జాతుల ప్లేట్లు కలిసిపోయి ఉంటాయి. బరువుగా, మందంగా, పది అంగుళాల వెడల్పుతో, ఒక్కో వైపు మూడు నిమిషాల పాట మాత్రమే ఉండేవి నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేట్లు. వీటిని లక్కలో రాతిపొడి కలిపి అచ్చు పోసేవారు కాబట్టి చేయి జారితే అప్పడంలా పగిలిపోతాయి. రెండో జాతి వినైల్ ప్లేట్లు. వీటిలో పన్నెండు అంగుళాల ఎల్.పి. 1948లో అమెరికాలో మొదలైంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతూ ఒక వైపే ఇరవై నిమిషాలకు పైగా మోగుతుంది. ఏడంగుళాల చిన్న ప్లేట్లు చాలావరకు 45 చుట్లవి. కుక్క బొమ్మ ఉన్న మన హెచ్.ఎం.వి. ప్లేట్లు కలకత్తా దగ్గరి డమ్‌డమ్ కార్ఖానాలో తయారైనవి. చాలా ప్లేట్లకు మధ్యనున్న కాగితం మీద ఆ ఊరి పేరు కూడా కనిపిస్తుంది.

ఎన్ని చుట్లో లేబుల్ మీద అచ్చు వేసి ఉంటుంది. కాగితం చెదలు తిని అక్షరాలు కనిపించకపోతే, ప్లేటును అంచులతో పట్టుకుని గోటితో మెల్లగా ఒక్కసారి తట్టండి. లక్క ప్లేటు పింగాణీ సాసరులా కంగుమంటుంది, వినైల్ ప్లేటు మందకొడిగా, అట్ట మీద తట్టినట్టుగా పలుకుతుంది.

ఈ తేడా తెలియకపోతే రెండు పొరపాట్లు జరుగుతాయి. లక్క ప్లేటు గాడి వెడల్పు, ఎల్.పి. గాడి సన్నం. ఎల్.పి. ముల్లు మొన సుమారు 18 మైక్రాన్ల గుండ్రం ఉంటే, 78 చుట్ల ముల్లుది సుమారు 75 మైక్రాన్లు, అంటే నాలుగింతలు. సన్నని ముల్లును లక్క ప్లేటు మీద పెడితే అది గాడి అడుగున మట్టిలో పొర్లుతూ బుస్సుమనే చప్పుడే తెస్తుంది. లావు ముల్లును ఎల్.పి. మీద పెడితే గాడి గోడల పై అంచులు చితికిపోతాయి. పాత ఫియెస్టా వంటి ప్లేయర్లలో ముల్లు పక్కన చిన్న మీట ఉండి, దాన్ని తిప్పితే ఒకవైపు 78 ముల్లు, మరోవైపు ఎల్.పి. ముల్లు కిందికి వస్తాయి. మోగించే ముందు ఆ మీట ఎటువైపు ఉందో ప్రతిసారీ వంగి చూడండి. చేతితో కీ ఇచ్చి తిప్పే బాకా గ్రామఫోను మీద మాత్రం ఎల్.పి. ఎన్నడూ పెట్టకూడదు. దాని ఉక్కు ముల్లు వంద గ్రాములకు పైబడిన బరువుతో దిగుతుంది కాబట్టి ఒక్కసారికే పాట నాశనమవుతుంది. ఇక రెండో పొరపాటు స్పిరిట్‌తో తుడవడం. లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. 78 ప్లేట్ల దగ్గరికి స్పిరిట్ సీసాను రానివ్వకండి.

ప్లేయరుకు చోటు

ప్లేయరు కదలని, మట్టంగా ఉన్న చోట ఉండాలి. ముల్లు చదివే వంపులు ఎంత సన్నవంటే, పక్కన నడిచే మనిషి అడుగు చప్పుడు కూడా దానికి పాటలో భాగంగానే అందుతుంది. ఇనుప బీరువా పైన, స్పీకర్లు ఉన్న బల్ల మీద ప్లేయరు పెట్టవద్దు. బీరువా బోలుగా ఉండి మోగుతుంది, స్పీకర్ల అదురు బల్ల ద్వారా ముల్లుకు చేరి, అక్కడి నుంచి మళ్ళీ స్పీకర్లలోకి వెళ్ళి, ధ్వని పెంచేకొద్దీ బొంయ్‌మనే మోత ఎక్కువవుతుంది.

ఈ విషయంలో మన ప్రాంతం వాళ్ళు అదృష్టవంతులు. ప్లేయరు కింద బరువైన రాయి పరవడం ప్రపంచమంతటా రికార్డు ప్రియులు పాటించే పద్ధతి. చీమకుర్తి పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర అంగుళం మందం గ్రానైటు ముక్కలు మిగులుగా పడి ఉంటాయి. అంతకన్నా మంచిది మార్కాపురం పలక రాయి. గ్రానైటు మీద తడితే కంగుమని కొంతసేపు పలుకుతుంది. పలక రాయి పొరలు పొరలుగా ఉండడం వల్ల అదురును తనలోనే అణచుకుని తొందరగా ఊరుకుంటుంది. విదేశాల్లో ఖరీదైన టర్న్‌టేబుళ్ళకు అడుగు భాగాన్ని పలక రాతితో చేయించుకునేవారు ఉన్నారు. మన పిల్లలు అక్షరాలు దిద్దిన ఆ రాయే ఇందుకు పనికిరావడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగిస్తుంది. ఏ రాయి పెట్టినా నేరుగా బల్ల మీద పెట్టకుండా నాలుగు మూలలా మందపాటి రబ్బరు ముక్కలు పెట్టి, వాటి మీద రాతిని పరవండి.

తరవాత తాపీమేస్త్రీ వాడే రసమట్టాన్ని తిరిగే పళ్ళెం మీద, ముందు అడ్డంగా, ఆ తరవాత నిలువుగా పెట్టి చూడండి. బుడగ రెండుసార్లూ గీతల మధ్యకు రావాలి. మట్టం లేని ప్లేయరు మీద ముల్లు గాడిలో ఒక గోడనే ఎక్కువగా ఒరుసుకుంటుంది. కిటికీ ఎండ పడే చోటు, ఫ్యాను గాలికి దుమ్ము నేరుగా వాలే చోటు పనికిరావు.

కరెంటు సంగతి

అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన ప్లేయరు ఇంటికి వస్తే, ప్లగ్గు పెట్టే ముందు దాని వెనక చీటీ చదవండి. 120 వోల్టులని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు అది కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొని పెట్టుకుంటే చాలని అంగడిలో చెబుతారు కానీ అది సగం సమాధానమే. అక్కడి కరెంటు లయ (సెకనుకు ఊగే సార్లు) 60 హెర్ట్‌జ్, మనది 50. ఆ ప్లేయరులో ఉన్నది కరెంటు లయను బట్టి తిరిగే ఏ.సి. మోటారు అయితే, ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని సరిచేస్తుంది తప్ప లయను మార్చదు. ఫలితంగా 33⅓ చుట్లు తిరగవలసిన పళ్ళెం దాదాపు 27.8 చుట్లే తిరిగి, గాయకుడి గొంతు బొంగురుగా సాగుతూ వినిపిస్తుంది. చిన్న అడాప్టరుతో నడిచే డి.సి. మోటారు ప్లేయర్లకు ఈ బాధ లేదు, మన వోల్టేజికి సరిపోయే అడాప్టరు మార్చుకుంటే చాలు.

వేగం సరిగా ఉందో లేదో ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. గుండ్రని కాగితం అంచున సమాన దూరంలో 180 గీతలు ఉన్న స్ట్రోబ్ చక్రం అచ్చు వేయించుకుని, పళ్ళెం మీద పెట్టి తిప్పుతూ, పాతకాలపు ఫిలమెంటు బల్బు వెలుతురులో చూడండి. 50 హెర్ట్‌జ్ కరెంటు మీద బల్బు సెకనుకు వందసార్లు మినుకుతుంది కాబట్టి, పళ్ళెం సరిగ్గా 33⅓ చుట్లు తిరుగుతుంటే గీతలు నిలిచిపోయినట్టు కనిపిస్తాయి. తిరిగే వైపే గీతలు జరుగుతుంటే వేగం ఎక్కువ, వెనక్కి జరుగుతుంటే తక్కువ. ఎల్.ఇ.డి. బల్బు కింద ఈ పరీక్ష చాలాసార్లు కుదరదు.

పాట మధ్యలో కరెంటు పోతే ముల్లును అలాగే వదిలేసి విసనకర్ర వెతుక్కోవడానికి వెళ్ళకండి. ముందు క్యూ మీట (ముల్లును ఎత్తి దించేది) ఎత్తి ముల్లును పైకి లేపండి, ఆ తరవాతే మిగతా పనులు. ఇన్వర్టరు మీద మోగించాలంటే అది సైన్ వేవ్ రకమై ఉండాలి. చౌక ఇన్వర్టరు మీద ఏ.సి. మోటారు గుర్రుమంటుంది, ఆ చప్పుడు పాటలోకీ వస్తుంది.

పాత ప్లేయరును బాగుచేయించేవారికి ఒక మాట చెప్పాలి. మా నాన్నగారి ప్లేయరును టౌనులో ఒక మెకానిక్కు ఇస్తే, తిరిగే భాగాలన్నిటికీ ఉదారంగా నూనె పోసి తెచ్చాడు. మోటారు నుంచి పళ్ళేన్ని తిప్పే రబ్బరు చక్రానికి కూడా నూనె అంటడంతో అది జారిపోయి, పాట ఒక చరణంలో పరుగెత్తుతూ మరో చరణంలో ఈడ్చుకుంటూ మోగింది. రబ్బరు ఉబ్బిపోయింది కూడా. చివరికి చక్రమే మార్చవలసి వచ్చింది. నూనె పళ్ళెం ఇరుసుకు ఒక్క చుక్క చాలు, అదీ కుట్టు మిషను నూనె. కొబ్బరినూనె కొన్నాళ్ళకు జిగురుగా మారుతుంది. రబ్బరు చక్రాన్నీ, బెల్టునూ పొడి గుడ్డతో తుడవడమే మంచిది.

ముల్లు బరువు

నా దృష్టిలో అన్నిటికన్నా ఓపిక కోరే పని ఇదే. ముల్లును మోసే కడ్డీ (టోన్ ఆర్మ్) వెనక గుండ్రని బరువు ఉన్న ప్లేయర్లకు మాత్రమే ఇది వర్తిస్తుంది. సూట్‌కేసు రకాలకూ, పూర్తిగా ఆటోమేటిక్‌గా నడిచే చిన్న ప్లేయర్లకూ బరువు తయారీలోనే బిగించి ఉంటుంది, వాటిని కదపకండి.

మొదట యాంటీ స్కేటింగ్ బిరడాను సున్నా మీద పెట్టండి. ముల్లు మీది తొడుగు తీసి, చూపుడు వేలితో ఆర్మ్‌ను పట్టుకుని దాని గూట్లోంచి పళ్ళేనికీ గూటికీ మధ్యకు తీసుకురండి. ముల్లు కింద ఏమీ ఉండకూడదు. రెండో చేత్తో వెనక బరువును కొంచెం కొంచెం తిప్పుతూ పొండి. బరువు వెనక్కి జరిగే కొద్దీ ముందు భాగం తేలుతుంది. కంసాలి తరాజు ముల్లు నడుమ నిలిచినట్టుగా, ఆర్మ్ పైకీ పోక కిందికీ వాలక గాలిలో నిలిచే చోటు ఒకటి వస్తుంది. ఫ్యాను ఆపకుండా ఈ పని చేయవద్దు, ఆ గాలికే ఆర్మ్ ఊగుతుంది. అక్కడ నిలిచాక ఆర్మ్‌ను గూట్లో పెట్టి తాళం వేసి, బరువును కదపకుండా దాని ముందున్న అంకెల ఉంగరాన్ని మాత్రమే తిప్పి సున్నాను పై గీతకు ఎదురుగా తీసుకురండి. ఇప్పుడు బరువునూ ఉంగరాన్నీ కలిపి తిప్పుతూ ముల్లు బిగించి ఉండే మీ కార్ట్రిడ్జ్‌కు తయారీదారు చెప్పిన గ్రాముల దగ్గర ఆపండి. ఉదాహరణకు ఆడియో టెక్నికా వి.ఎం. 95 ఇ రకానికి 2 గ్రాములు, ఆర్టోఫాన్ 2 ఎం రెడ్ రకానికి 1.8 గ్రాములు. చివరగా యాంటీ స్కేటింగ్ బిరడాను కూడా అదే అంకె మీద పెట్టండి. ప్లేటు తిరుగుడు ముల్లును లోపలివైపు లాగుతుంది, ఆ లాగుడును ఇది సరిదిద్దుతుంది.

బరువు తక్కువైతే ప్లేటుకు మేలని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. చాలినంత బరువు లేని ముల్లు గట్టి స్వరాల దగ్గర గాడిలోంచి ఎగిరి పడుతూ గోడలను ఉలితో కొట్టినట్టు కొడుతుంది. చెప్పిన కొలతలో ఉండడమే క్షేమం. ముల్లు జారుతోందని ఆర్మ్ తల మీద పావలా బిళ్ళ అంటించడం మన ఇళ్ళలో ఒకప్పుడు మామూలు. ఆ బిళ్ళ సుమారు రెండున్నర గ్రాములు ఉంటుంది. అంటే ఒక్క బిళ్ళతో ముల్లు బరువు రెట్టింపు దాటుతుంది. ముల్లు జారడానికి అసలు కారణం మట్టం లేకపోవడమో, గాడిలో మట్టి ఉండడమో, ముల్లు అరిగిపోవడమో అయి ఉంటుంది. దాన్ని వెతకండి.

తీగలు

మ్యాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనం, కొన్ని మిల్లీవోల్టులే. పైగా ప్లేటు చెక్కేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించి, తార స్వరాలను పెంచి చెక్కుతారు. వాటిని మళ్ళీ యథాస్థితికి తేవడానికి ఫోనో ప్రీయాంప్ అవసరం. ప్లేయరులోనే అది ఉంటే వెనక ఫోనో, లైన్ అనే మీట ఉంటుంది. ఆంప్లిఫయరులో ఫోనో అని రాసిన రంధ్రాలకు కలిపితే మీటను ఫోనో వైపూ, మామూలు రంధ్రాలకు కలిపితే లైన్ వైపూ ఉంచండి. సన్నని ఎర్త్ తీగ వేరుగా వస్తే దాన్ని ఆంప్లిఫయరు మీది మరకు బిగించండి. అది వదిలేస్తే తేనెటీగల గుంపులాంటి మోత వస్తుంది.

ప్లేటును పట్టుకునే తీరు

చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరాక మొదలుపెట్టండి. తలకు రాసుకున్న కొబ్బరినూనె వేళ్ళకు ఎంత సన్నగా అంటినా గాడిలోకి దిగి, వాలిన దుమ్మునంతా పట్టి ఉంచుతుంది. అట్ట తొడుగును పొట్టకు ఆనించి, రెండు వైపులా కొద్దిగా నొక్కితే నోరు తెరుచుకుంటుంది. లోపలి కాగితం కవరుతో సహా ప్లేటును బయటికి తీయండి. తరవాత కవరును వాలుగా పట్టుకుంటే ప్లేటు అంచు బొటనవేలి మొదటికి జారి వస్తుంది. ఆ అంచును బొటనవేలి మొదట్లో ఆపి, మిగతా వేళ్ళ కొసలను మధ్య లేబుల్ కింద ఆనించండి. ఇప్పుడు కవరును వెనక్కి లాగండి. ప్లేటును లాగకూడదు, కవరునే లాగాలి. రెండో చేయి ఖాళీ కాగానే రెండు అరచేతుల మధ్య అంచులతో పట్టుకోండి. నల్లని మెరిసే భాగాన్ని ఏ వేలూ తాకకూడదు.

ప్లేటును పళ్ళెం మీద దించేటప్పుడు లేబుల్ మధ్య రంధ్రాన్ని చూసుకుంటూ దించండి. మొల కోసం తడుముతూ ప్లేటును అటూ ఇటూ జరిపితే లేబుల్ మీద వెంట్రుకల్లాంటి గీతలు పడతాయి. పాత ప్లేటు కొనేటప్పుడు ఆ గీతలే దాన్ని ఎంత నిర్లక్ష్యంగా వాడారో చెబుతాయి. మధ్యలో పొడవాటి మొల ఉండి, ఐదారు ప్లేట్లు పేర్చితే ఒకదాని తరవాత ఒకటి పడే ఛేంజరు మీద కూడా నేను ఒక్కొక్క ప్లేటే పెడతాను. తిరుగుతున్న ప్లేటు మీద మరో ప్లేటు పడుతుంటే చూడబుద్ధి కాదు.

కడగడం

పెట్టెలో దొరికిన ప్రతి ప్లేటునూ మొదటిసారి కడగాలి. మన బోరు నీళ్ళు ఇందుకు పనికిరావు. కోస్తా గ్రామాల్లో గిన్నెలకు పట్టే తెల్లటి ఉప్పు చారే గాడిలోనూ పడుతుంది. పెట్రోలు బంకుల్లోనూ బ్యాటరీ అంగళ్ళలోనూ దొరికే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. అదే అంగట్లో బ్యాటరీ యాసిడ్ కూడా అలాంటి డబ్బాల్లోనే అమ్ముతారు కాబట్టి చీటీ చదివి మరీ తీసుకోండి.

అర లీటరు నీళ్ళలో రంగూ వాసనా లేని గిన్నెల సబ్బు ద్రవం ఒక్క చుక్క కలపండి. బాగా జిడ్డు పట్టిన వినైల్ ప్లేటుకైతే ఇందులో పదో వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలపవచ్చు కానీ, చాలా ప్లేట్లకు అది లేకపోయినా సరిపోతుంది. మెత్తని తువ్వాలు బల్ల మీద పరిచి ప్లేటును దాని మీద ఉంచండి. మైక్రోఫైబర్ గుడ్డను తడిపి, పిండి, గాడి తిరిగే దారిలోనే గుండ్రంగా తుడవండి. మధ్య నుంచి అంచుకు అడ్డంగా తుడిచారంటే దుమ్ము గోడల మీదుగా ఈడ్చుకుపోతుంది. లేబుల్ కాగితానికి తడి తగలనివ్వకండి. తుడిచాక, సబ్బు కలపని డిస్టిల్డ్ వాటర్‌తో మరో గుడ్డను తడిపి ఇంకొకసారి తుడవండి. ఈ రెండో తుడుపు మానేస్తే సబ్బు పొర మిగిలి ముల్లుకు బంకలా పట్టుకుంటుంది. వంటింట్లో పళ్ళేలు నిలబెట్టే ప్లాస్టిక్ స్టాండు శుభ్రమైనది ఒకటి ఇందుకు కేటాయించి, ప్లేట్లను దానిలో నిలువుగా, నీడలో ఆరనివ్వండి. లక్క ప్లేట్లను నానబెట్టకుండా, తుడిచిన వెంటనే పొడి గుడ్డతో అద్దాలి.

బూజు పట్టిన ప్లేట్లను ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఇంటి బయట నీడలో మెత్తని బ్రష్షుతో దులిపి, ఆ తరవాత కడగండి. బూజు పోతుందని ఎండలో పెట్టడం మన ఇళ్ళలో పప్పులకూ పచ్చళ్ళకూ ఉన్న అలవాటు. ప్లేటుకు మాత్రం అది మరణ శాసనం.

మోగించడం

ఇన్ని ఏర్పాట్లు అయ్యాక అసలు పని తేలిక. ఆంప్లిఫయరు ధ్వనిని పూర్తిగా తగ్గించండి. వేగం మీట లేబుల్ మీది అంకెకు సరిపోయిందో లేదో చూసి పళ్ళేన్ని తిప్పండి. కార్బన్ ఫైబర్ బ్రష్షును తిరుగుతున్న ప్లేటు మీద రెండు మూడు చుట్లు తేలిగ్గా ఆనించి, మెల్లగా అంచు వైపు జరుపుతూ ఎత్తేయండి. ఈ పని ప్రతి వైపుకూ, ప్రతిసారీ చేయాలి. ముల్లును చిన్న బ్రష్షుతో వెనక నుంచి ముందుకు, అంటే ప్లేటు తిరిగే దిశలో, ఒక్కసారి దువ్వండి. పక్కలకు దువ్వితే ముల్లును మోసే సన్నని కాడ వంగిపోతుంది. క్యూ మీట ఎత్తి, ఆర్మ్‌ను ప్లేటు అంచున పాట లేని నున్నని చుట్టు పైకి తెచ్చి, మీటను దించండి. ముల్లు దిగిన చిన్న టప్‌మనే చప్పుడు వినిపించాక ధ్వని పెంచండి. చేతి వణుకు ఉన్న పెద్దవాళ్ళు కూడా మీట వాడితే నిశ్చింతగా మోగించుకోవచ్చు.

పాట అయ్యాక ముల్లు లోపలి చుట్టులో తిరుగుతూ ఉంటుంది. కొన్ని ప్లేయర్లలో అది తానే లేస్తుంది, మిగతా వాటిలో మనమే లేచి ఎత్తాలి. ధ్వని తగ్గించి, మీట ఎత్తి, ఆర్మ్‌ను గూట్లో పెట్టి తాళం వేసి, పళ్ళెం ఆగాకనే ప్లేటును తీయండి. ప్లేటును వెంటనే కవరులో పెట్టాలి, కాసేపాగి మళ్ళీ వింటామని సోఫా మీద ఉంచకూడదు.

ఎండ, ముసురు

వినైల్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. రోహిణి కార్తెలో మన దగ్గర నీడలోనే 44 డిగ్రీలు దాటిన రోజులు ఉన్నాయి. ఎండలో తలుపులు మూసి నిలిపిన కారులో, మిద్దె మీది రేకుల గదిలో ఎంత వేడి ఉంటుందో మీకు తెలియనిది కాదు. మా పెట్టె అలాంటి గదిలోనే ఎన్నో ఎండాకాలాలు గడిపింది. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉన్న ప్లేట్లలో అడుగున ఉన్నవి ఐదు, విస్తరాకు ఎండినట్టు అంచులు లేచిపోయి ఉన్నాయి. వాటిలో రెండింటిని రెండు మందపాటి అద్దం పలకల మధ్య పెట్టి, పైన బరువు ఉంచి, గదిలో వారాల తరబడి వదిలేస్తే వినదగినంత సరిపడ్డాయి. మూడింటికి అదీ ఫలించలేదు. తొందరపడి వేడి చేసి సరిచేయాలని చూస్తే గాడి కరిగిపోతుంది.

కాబట్టి కింది అంతస్తులో, ఎండ తగిలే గోడకు దూరంగా, చెక్క బీరువా అడుగు అరలో నిలువుగా ఉంచండి. పుస్తకాల్లా నిటారుగా నిలబడాలి, పక్కకు వాలకూడదు. అట్టలతో కలిపితే యాభై ఎల్.పి.లు పది కిలోలకు పైనే తూగుతాయి కాబట్టి అర గట్టిదై ఉండాలి. పాత మందపాటి పి.వి.సి. కవర్లు వేడికి ప్లేటుకు అంటుకుని, దాని మీద పొగ పట్టినట్టు మచ్చలు చేస్తాయి. వాటిని తీసేసి పల్చని పాలిథీన్ లేదా కాగితపు లోపలి కవర్లు వేయండి. కలరా ఉండలు వేయవద్దు, వాటి ఆవిరి ప్లాస్టిక్‌కు మంచిది కాదు.

మనకు అసలు వానాకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాను ముసుర్లలో కావలి నుంచి కొత్తపట్నం దాకా తీరం వెంట ఏ ఇంట్లో చూసినా గోడలు చెమ్మగా ఉంటాయి. బీరువాలో సిలికా జెల్ సంచులు ఉంచి, ముసురు విడిచిన రోజు తలుపులు తీసి గాలి తగలనివ్వండి. ఉప్పుగాలికి తీగల కొసలు పచ్చబడి ఒక స్పీకరు మూగబోతుంటే, వాటిని పీకి, పొడి గుడ్డతో తుడిచి, మళ్ళీ బిగిస్తే చాలావరకు సరిపోతుంది.

ముల్లు మార్చే రోజు

వజ్రపు ముల్లు కూడా అరుగుతుంది. ఎల్.పి. ఒక వైపు గాడిని విప్పి పరిస్తే సుమారు అర కిలోమీటరు పొడవు ఉంటుందంటే, అది ఎంత దూరం నడుస్తుందో ఊహించవచ్చు. మంచి వజ్రపు ముల్లు 500 నుంచి 1000 గంటలు పనిచేస్తుంది. పాత ప్లేయర్లలోని నీలమణి ముల్లు కొన్ని పదుల గంటలకే అరిగిపోతుంది. ఇన్నేళ్ళుగా ప్లేయరులోనే ఉన్న పాత ముల్లు ఏ స్థితిలో ఉందో కంటికి కనిపించదు కాబట్టి, దాన్ని మార్చాకే నాన్నగారి ప్లేట్లను మోగించండి. చరణాల్లో స, ష అక్షరాలు బుసకొట్టడం, ప్లేటు లోపలి చుట్లలో గొంతు చీలడం అరిగిన ముల్లుకు గుర్తులు. కొత్త ముల్లు వేసిన తేదీని ప్లేయరు మూత లోపలి వైపు చిన్న చీటీ మీద రాసి అంటించండి, ఆ రోజు నుంచి మోగించిన ఒక్కో వైపుకు ఒక్కో గీత గీయండి. మూడు గీతలు గంట కింద లెక్క. పదిహేను వందల గీతలయ్యాక కొత్త ముల్లుకు చెప్పి పెట్టుకోండి.